జోడీ ఎలుక

ఎలుక పొడుగు కొలవడానికి ఒక పద్ధతి ఉంది. ఒక చెక్క పలక, ఆ పలకకి ఒక కొసన నిలువుగా కొట్టిన అడ్డచెక్క. ఎలుకని పలక మీద పడుకోబెట్టి ముక్కు ఆ అడ్డచెక్కకి ఆనించాలి. తోక మొదట్లో రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగాలి. వెన్ను సాగాలి గానీ ఎలుకకి కోపం రాకూడదు. మా నాన్న ఆ పని చేస్తుంటే చూడ్డానికి ముచ్చటగా ఉండేది. ఎలుకతో మాట్లాడేవాడు. "అయిపోయింది బంగారం, అయిపోయింది, ఇదిగో దిగిపోదువు గాని" అనేవాడు. భయపడ్డ ఎలుక బరువు తగ్గుతుందని డాక్టరు చెప్పాడట. అందుకని ఎలుకల ఇంట్లో నాన్న గొంతు ఎప్పుడూ లేచేది కాదు. అక్కడ దాచుకున్న గొంతంతా ఇంటికి తెచ్చేవాడు.

నాన్న వైద్య కళాశాలలో ఎలుకల ఇంటి మనిషి. శవాలు కోసే గది వెనక, రేకుల కప్పు కింద, వరసగా బోనులు. ఆ ఎండాకాలం అక్కడ ఒక కొత్త పని జరుగుతోంది. కబేళా నుంచి పశువుల తలల్లో ఉండే ఒక గ్రంథి ఐసుడబ్బాలో వచ్చేది. ఒక డాక్టరు, మేమంతా కొలతల డాక్టరనేవాళ్ళం, దాన్ని నూరి వడగట్టి మందు చేసేవాడు. ఆ మందు ఎక్కిస్తే ఎలుకలు పెరిగిపోయేవి. మామూలు ఎలుకలు కాదు, పిల్లికి ఎదురు నిలబడే ఎలుకలు.

ఒకరోజు నాన్నకి అన్నం పట్టుకెళ్ళి, చూస్తూ నిలబడ్డాను. ఒకే తల్లి పిల్లలు రెండేసి పక్కపక్క బోనుల్లో ఉన్నాయి. ఒక బోనుకి ఎర్ర దారం, ఒక బోనుకి తెల్ల దారం. నాన్నకి చదువు రాదు కాబట్టి డాక్టరు పెట్టిన గుర్తులవి.

"ఎర్ర దారం దానికి మందు. తెల్ల దారం దానికి?" అని అడిగాను.

"ఉప్పునీళ్ళు."

"ఉప్పునీళ్ళకి ఏమవుతుంది?"

"ఏమీ అవదు."

"మరి దాన్ని పొడవడం ఎందుకు పాపం?"

నాన్న నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. "జోడీ లేకుండా పని అవదురా. దీనికెన్ని పోట్లో దానికీ అన్నే పోట్లు. దీనికెంత తిండో దానికీ అంతే తిండి. పక్కన ఇది లేకపోతే అది పెరిగిందని ఎలా తెలుస్తుంది?"

"పని అయిపోయాక తెల్లదారం దాన్ని వదిలేస్తారా?"

"ఎందుకు వదుల్తారు? ఎండాకాలం చివర రెండిటినీ ఒకే రోజు కోసి ఎముకలు కొలుస్తారు. ఒకదాన్ని వదిలేస్తే ఇంత చాకిరీ గంగపాలే కదరా."

అది చెప్పేటప్పుడు నాన్న ముఖంలో ఒక గొప్ప కనిపించింది. ఆయనకి ఆ పనిలో బోధపడింది ఒక్కటే. జోడీ ఉంటేనే మందు ఒంటికి పడుతుంది. జోడీ లేకపోతే పట్టదు.

మా ఇంట్లో మేమిద్దరం మగపిల్లలం. నాకు పంతొమ్మిది, తమ్ముడికి పదహారు. నేను పొట్టి, వాడూ అప్పటికి నా అంతే. నాన్న ఉద్యోగం ఆ ఎండాకాలంతో సరి, వయసైపోయింది. కొడుకుల్లో ఒకడు కళాశాలలో పనికి చేరితేనే మా క్వార్టరు మాకు ఉంటుంది, లేకపోతే సామాను బయట పెట్టుకోవాలి. ఉన్నది ఒకే పని, గేటు కాపలా. దానికి చదువు అక్కర్లేదు, పద్దెనిమిది నిండాయని నోటిమాటగా చెబితే చాలు. గేటు పక్క రెండు గుంజలు, వాటి మీద ఒక అడ్డకర్ర. దాని కింద చెప్పుల్లేకుండా నిలబడితే నెత్తి కర్రకి తగలాలి. ఎండాకాలం అయ్యాక ఒకరోజు కొలుస్తారు. తగిలితే లోపలికి, తగలకపోతే ఇంటికి. నా నెత్తికీ కర్రకీ మధ్య రెండు వేళ్ళు పట్టే సందు ఉండేది. నేను రోజూ పొద్దున్నే వెళ్ళి నిలబడి చూసుకునేవాణ్ణి. కోతగదిలో శవాలు మోసే మావయ్య, మా పక్క వాటా ఆయన, అటుగా పోతూ ఒక మాట విసిరేవాడు.

"ఏం అల్లుడూ, రాత్రికి రాత్రి మొలిచావా?"

"లేదు మావయ్యా."

"తల మీద ఒకటి మొట్టించుకో. బొప్పి కట్టి సరిపోతుంది."

కొలతల డాక్టరు ఎలుకల్నే కాదు, మనుషుల్నీ కొలిచేవాడు. చేతి ఎముక పొడుగు చూసి మనిషి పొడుగు చెప్పొచ్చా అని ఏదో చూస్తున్నాడట. ఆ ఎండాకాలం మొదట్లో క్వార్టర్లలో వాళ్ళందరినీ వరండాలో నిలబెట్టాడు. ఆడవాళ్ళు నవ్వుకుంటూ చేతులు చాపారు. నా వంతు వచ్చింది. మోచేయి, అరచేయి, మోకాలు, పాదం, అన్నీ పట్టుకుని చూశాడు. సంతలో గొడ్డుని చూసినట్టు చూశాడే గానీ ఒక్కసారి కూడా నా ముఖం చూడలేదు.

నాన్న చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "అయ్యా, మావాడు ఇంకో రెండు వేళ్ళు పెరుగుతాడాండీ?"

"పెరగడు. ఎముకల కొసలు మూసుకుపోయే వయసు. వీడింతే. తర్వాత ఎవరు?"

తర్వాత మా తమ్ముడు. డాక్టరు వాడి పాదం పట్టుకుని "ఒంటికి పాదం పెద్దదే" అనుకుని వదిలేశాడు.

వీడింతే అన్న మాట నాన్నకి గుచ్చుకుంది. నా కోసం గుచ్చుకుందని అప్పట్లో అనుకున్నాను. కాదు, ఎలుకలన్నిటినీ పెంచిన చెయ్యి తనది, తన ఇంట్లో పిల్లాడు పెరగడని డాక్టరు పదిమందిలో అనేశాడని గుచ్చుకుంది.

వారం తిరక్కముందే డాక్టరు ఒక సీసా ఇచ్చి పారబొయ్యమన్నాడట, పాత సరుకు, బలం తగ్గిపోయి ఉంటుందని. నాన్న పారబొయ్యలేదు. ఇంటికి తెచ్చాడు. అలాంటిదే ఇంకో ఖాళీ సీసా తెచ్చి అమ్మ చేత ఉప్పునీళ్ళు కాయించి పోయించాడు. చూడ్డానికి రెండూ నీళ్ళే. "దారాలు కట్టు" అన్నాడు. అమ్మ మందు సీసాకి ఎర్ర దారం, నీళ్ళ సీసాకి తెల్ల దారం కట్టింది. కట్టాక అడిగింది.

"రెండోది ఎవరికండీ?"

"చిన్నోడికి."

"వాడికేం వచ్చింది? వాడు గేటుకి పోవట్లేదుగా!"

"నీకు తెలీదు, ఊరుకో. జోడీ."

"పిల్లలా ఎలుకలా వీళ్ళు?"

"ఎలుకలైతే ఇంత నోరు ఉండేది కాదు" అన్నాడు నాన్న.

పాత తలుపు చెక్క ఒకటి నేల మీద పరిచాడు. ఒక కొసన అడ్డచెక్క కొట్టాడు. నన్ను పడుకోబెట్టి నా మాడు ఆ అడ్డచెక్కకి ఆనించి, చీలమండలు పట్టుకుని లాగాడు. మెల్లగా కాదు. తర్వాత బోర్లా తిప్పి మెడ వెనక బొటనవేలు నొక్కిపెట్టి, తొడలో సూది దించాడు. ఎలుకలకి వాడే సూదే. "కదలకు" అన్నాడు. బంగారం అనలేదు. తర్వాత తమ్ముడు. వాడు ఏడవలేదు, నవ్వు ఆపుకోలేక కిచకిచమని ఎలుకలా అరిచాడు. ఆ నవ్వుకి చెంప మీద ఒకటి తగిలింది.

అలా మొదలైంది. ఒకరోజు విడిచి ఒకరోజు ఆ తలుపు, ఆ లాగుడు, ఆ పోటు. ఇంట్లోంచి బయటికి పోవడానికి లేదు, బోనులో ఎలుక బయట తిరగదు కాబట్టి. ఆటల్లేవు. రేకుల కప్పు కింద ఇద్దరం చెమటలు కక్కుకుంటూ ఒకరి ముఖాలు ఒకరం చూసుకుంటూ కూర్చునేవాళ్ళం. పొద్దున గేటు దగ్గరికి మాత్రం నన్ను తనే తీసుకెళ్ళి, కర్ర కింద నిలబెట్టి, ఆ సందులో తన వేళ్ళు పెట్టి చూసేవాడు. తిండి ఇద్దరికీ ఒకే గిన్నెతో కొలిచి పెట్టాలి. తమ్ముడికి చాలేది కాదు. గిన్నె గీకి గీకి వాసన చూసేవాడు.

"అమ్మా, ఇంకొంచెం."

"లేదు" అనేవాడు నాన్న, అమ్మ నోరు తెరవక ముందే.

నాన్న డ్యూటీకి పోగానే అమ్మ వాడికి దొంగచాటుగా ఇంకో ముద్ద పెట్టేది. నా వైపు చూసేది. నాకు ఆకలి ఉండేది కాదు. ఆ ఇంట్లో పెరుగుతున్నవాడికి ఆకలి, పెరగనివాడికి మందు.

ఎండలు ముదిరేసరికి తమ్ముడి లాగు మోకాలు దాటి పైకి పోయింది. గొంతు బొంగురుపోయింది. తలుపు చెక్క మీద వాడి మడమ దగ్గర నాన్న బొగ్గుతో గీసిన గీత ప్రతివారం కిందికి జరుగుతోంది. నా గీత మొదటి రోజు ఎక్కడుందో అక్కడే. దాని మీదే గీసీ గీసీ అది తాడంత లావైంది. ఒక సాయంత్రం పక్కవాటా మావయ్య గుమ్మంలో నిలబడి మా ఇద్దర్నీ చూశాడు.

"ఏం బావా, పెద్దోడికని పొయ్యి రాజేసి చిన్నోణ్ణి వండుతున్నావేంటి?" అని పగలబడి నవ్వాడు.

నాన్న నవ్వలేదు. తలుపు చెక్క మీది గీతల్ని, మమ్మల్ని, కిటికీలో ఉన్న సీసాల్ని మార్చి మార్చి చూశాడు. తర్వాత అమ్మ వైపు తిరిగాడు.

"దారాలు మార్చేశావే నువ్వు."

"నేనా? ఎర్రది మందుకే కట్టాను. నా చేత్తో కట్టాను."

"మరి వీడెందుకు పెరగలేదు? వాడెందుకు పెరిగాడు?"

  దారాలు మారాయనే నేను కూడా అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాన్న కంటే ముందే అనుకున్నాను. రాత్రిళ్ళు పక్కన పడుకున్న తమ్ముడి కాళ్ళు నా కాళ్ళని దాటిపోతుంటే ఒళ్ళు మండిపోయేది. నాది వాడు తాగేశాడనిపించేది.

నాన్న సీసాలు రెండూ వెలుతురుకి ఎత్తి పట్టాడు. ఎర్ర దారం సీసా తేటగా ఉంది. తెల్ల దారం సీసా అడుగున సన్నటి పొర, పైన మబ్బులాంటి తెట్టు.

"చూడు" అన్నాడు. "ఇది మాంసంలోంచి తీసిన మందు. మాంసం పాతబడితే ఇలాగే తెట్టు కడుతుంది. నీళ్ళు ఎక్కడన్నా చెడతాయా? చెడిందే మందు. తేటగా ఉన్నదే నీళ్ళు."

అమ్మ సీసా లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇది కుళ్ళు కంపండీ. ఆ ఎర్రదారం దానికే ఆసుపత్రి వాసన వస్తోంది. చెడిపోకుండా ఏదో కలిపి ఉంటారు. ఒక్కసారి మీరూ వాసన చూడండి."

నాన్న వాసన చూశాడు. కానీ ఎలుకల కంపులో ఏళ్ళ తరబడి పనిచేసిన ముక్కు అది, ఎప్పుడో చచ్చిపోయింది. "ఏ వాసనా లేదు" అన్నాడు. "నీ పని చెడగొట్టుకుని ఇప్పుడు వాసనలు చెప్తున్నావు."

గేటు కొలతలు ఇంకెంతో దూరంలో లేవు. నాన్న నా వైపు చూశాడు. తమ్ముడి తొడ మీద ఆ మధ్య చిన్న గడ్డ లేచి చితికిపోయింది. మందు పట్టినందుకు గుర్తు అదేనని నాకు నేనే చెప్పుకున్నాను.

"చిన్నోడికి ఎక్కిస్తున్నదే నాకు ఎక్కించు నాన్నా" అన్నాను.

ఆ రోజు నుంచి తెల్ల దారం సీసా నాది. అది ఇంతవరకూ తమ్ముడికి దండగైపోయిందని నాన్నకి బాధ. పోయిన రోజులు కలిసిరావాలని సూది నిండా లాగి, రోజూ ఎక్కించాడు. బలమంతా అడుగునే ఉంటుందని బాగా ఊపి మరీ ఎక్కించాడు. అమ్మ మొదటిరోజు అడ్డం నిలబడింది. రెండోరోజు పెరట్లో కూర్చుంది.

తొడ వాచింది. నాన్న వాపు మీద చెయ్యి వేసి "పని మొదలెట్టింది" అన్నాడు. తర్వాత చలి పుట్టింది. ఆ ఎండల్లో దుప్పటి కప్పుకుని పళ్ళు కొరుక్కున్నాను. కాలు బిగిసిపోయి, ఎర్రగా, కుండలా మెరిసింది. ఆ స్థితిలో కూడా నన్ను చెక్క మీద పడుకోబెట్టి మడమలు లాగాడు. నేను అరిచిన అరుపు పక్కవాటాకి వినపడింది. మావయ్య వచ్చి చూసి, ఈసారి నవ్వలేదు. శవాలు మోసే బండి తెచ్చి నన్ను దాని మీద పడేసి ఆసుపత్రికి తోసుకుపోయాడు. "ఈ బండి మీద మాట్లాడేవాణ్ణి తీసుకుపోవడం ఇదే మొదలు, మాట్లాడుతూ ఉండు అల్లుడూ" అన్నాడు దారంతా. మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడానో తెలీదు.

చీము ఎముకలోకి దిగిందన్నారు. కోశారు. మళ్ళీ కోశారు. కుళ్ళిన ఎముక ముక్క తీసేశారు. కాలు దక్కింది, పొడుగు దక్కలేదు. మోకాలు వంగదు.

కొలతల డాక్టరు ఒకసారి నా మంచం దగ్గరికి వచ్చాడు. ఎవరో చెప్పారట, ఎలుకల మనిషి కొడుక్కి ఎలుకల మందు ఎక్కించాడని. నాన్న గోడకి ఆనుకుని నిలబడ్డాడు. డాక్టరు దుప్పటి ఎత్తి కాలు చూసి మళ్ళీ కప్పేశాడు. కోప్పడతాడనుకున్నాం, కోప్పడలేదు. విసుక్కున్నాడు.

"ఆ మందు పశువులది. ఎలుకలకి పనిచేస్తుంది. మనిషికి పనిచెయ్యదు. ఎంత ఎక్కించినా మనిషికి అది నీళ్ళతో సమానం. నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా?"

నాన్న గోడ దగ్గర్నుంచి ముందుకొచ్చాడు. నా కాలు సంగతి అడుగుతాడనుకున్నాను.

"మరి చిన్నోడు ఎలా పెరిగాడండీ?" అన్నాడు.

"పదహారేళ్ళవాడు పెరగక ఏం చేస్తాడయ్యా?" అని డాక్టరు వెళ్ళిపోయాడు.

అమ్మ ఆ మాట విన్నది. మంచం పట్టీ మీద కూర్చుని ఉన్నది లేచి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ తలుపు చెక్కని గొడ్డలితో పగలగొట్టి, అడ్డచెక్కతో సహా పొయ్యిలో పెట్టిందని తమ్ముడు చెప్పాడు. దాని మీదే ఆ పూట వంట చేసిందట. నాన్న ఆ అన్నం తిన్నాడట. "మంచి కర్ర" అన్నాడట. అమ్మ ఆ తర్వాత నాన్నతో మాట్లాడిందంటే అన్నం పెట్టమంటారా అనే, అంతకు మించి ఒక్కసారి తప్ప మాట్లాడగా నేను వినలేదు.

నేను చంక కర్రలతో ఇంటికొచ్చిన వారంలోనే గేటు కొలతలు. నాన్న తమ్ముణ్ణి తీసుకెళ్ళాడు. వాడు పోనని మారాం చేశాడు. "అన్నయ్య పని నాన్నా అది" అన్నాడు. "అన్నయ్య నిలబడగలడా?" అన్నాడు నాన్న. దానికి వాడేం చెప్తాడు? నూనె రాసి తల దువ్వించి, పద్దెనిమిది నిండాయని చెప్పించి, అడ్డకర్ర కింద నిలబెట్టాడు. నెత్తి కర్రకి తగలడం కాదు, వాడు మెడ వంచాల్సి వచ్చింది.

సాయంత్రానికి క్వార్టర్ల వాళ్ళంతా మా గుమ్మం ముందు చేరారు. తమ్ముడికి కాపలా బట్టలు ఇచ్చారు. చొక్కా భుజాల దగ్గర వదులు, లాగు సరిపోయింది. వాడు ఎవరి ముఖమూ చూడకుండా గుండీలు పెట్టుకుంటున్నాడు. నాన్న మాత్రం ఎలుకల ఇంట్లో మాట్లాడే గొంతుతో, ఆ మెల్లని గొంతుతో, వచ్చినవాళ్ళందరికీ చెప్తున్నాడు.

"డాక్టరుకి ఏం తెలుసండీ. నీళ్ళంట! నీళ్ళకి పెరిగాడా వీడు? దారాలు మారాయి గానీ మందు పనిచేసింది. కళ్ళ ముందు కనపడట్లా?"

ఎవరో "అబ్బో, బాగా సాగాడే చిన్నోడు" అన్నారు. ఇంకెవరో "అంత పొడుగేం కాదులే, బట్టలకి అలా కనపడుతున్నాడు" అన్నారు. నాన్నకి ఆ మాట నచ్చలేదు. అటూ ఇటూ చూశాడు. నేను గుమ్మం లోపల స్టూలు మీద కూర్చుని ఉన్నాను, కాలు చాపుకుని.

"ఒరేయ్ పెద్దోడా, ఇలా రా. వచ్చి తమ్ముడి పక్కన నిలబడు."

"వాడెందుకండీ?" అంది అమ్మ లోపల్నుంచి.

"పక్కన ఇంకొకడు లేకపోతే వాడు పెరిగాడని ఎలా తెలుస్తుందే?" అన్నాడు నాన్న. నా చంక కర్రలు తనే అందించాడు. వాకిట్లోకి వచ్చాక మళ్ళీ తనే తీసేసి గోడకి ఆనించాడు, అవి ఉంటే ఒళ్ళు సరిగ్గా కనపడదని.

తమ్ముడు ఏడుస్తున్నాడు. వాడి చెయ్యి నా నడుం చుట్టూ వచ్చింది, పడిపోకుండా. నాన్న ఆ చెయ్యి తీయించాడు. ఇద్దరి తలల మీద రెండు అరచేతులూ పెట్టాడు. ఒకటి పైన, ఒకటి కింద. ఆ చేతుల మధ్య దూరం జనానికి చూపించాడు.

నేను మంచికాలి మీద బరువంతా వేసి, నాకు చేతనైనంత నిటారుగా నిలబడ్డాను.